బట్టల కొట్లో ఏడు మాటలు

ఊరికే చూస్తున్నానండీ, అది మొదటిది, దో సోలో ఉన్ ఒక్కియాతా, కొట్లోకి అడుగుపెట్టి శుభోదయం చెప్పాక ఏం కావాలని ఎవరైనా దగ్గరికొస్తే తడబడకుండా ఆ మాట అనాలి, ఇది వేసుకుని చూడవచ్చునా, పొస్సో ప్రొవార్లో, అది రెండోది, నా కొలత నలభై ఆరు, మూడోది, భుజాల దగ్గర బిగుతుగా ఉంది, నాలుగోది, ఆ తరవాతదే, అయిదోదే, దీనికన్నా లేత రంగు ఏమైనా ఉందా, అక్కడికొచ్చేసరికి రొక్కీనా నాలుక అంగిట్లో అతుక్కుపోతోంది, బస్సు కొండ మలుపులు తిరుగుతోంది, ప్రతి మలుపుకీ ఒళ్ళోని చేతిసంచీ జారుతోంది, సంచీలో తొంభై ఏడు నాటి పాత కేలండరు కాయితం, దాని వెనకవైపు కూతురు లొరెదానా గుండ్రటి అక్షరాలతో రాసిచ్చిన ఏడు వాక్యాలు, అమ్మా, పొతెంజాలో ప్రెతోరియా వీధి కొట్లలో మన ఊరి మాట మాట్లాడావంటే తలనుంచి కాలిదాకా ఒక చూపు చూస్తారు, శుభ్రమైన ఇటాలియన్ మాట్లాడు, ఈ ఏడూ బట్టీ పట్టెయ్, బట్టలు కొనడానికి అంతకన్నా అక్కర్లేదు, అని చెప్పి వెళ్ళిపోయింది, మందుల షాపులో ఉద్యోగం చేసే పిల్ల, ఎప్పుడూ తెల్లకోటు, ఎప్పుడూ తొందర, ఇంకో మూడు వారాల్లో పెళ్ళికూతురు, రొక్కీనా చదివింది అయిదో తరగతి, ఇంట్లో పలికేది ఊరి మాటే, ఇటాలియన్ అంటే టీవీలో వినేదీ చర్చిలో ఫాదర్ చదివేదీను, నోట్లో పెట్టుకుంటే ఎవరి చెప్పులో తొడుక్కున్నట్టుంటుంది, అయినా వారం రోజులుగా పిండి పిసుకుతూ, గిన్నెలు తోముతూ, కోళ్ళకి నూకలు చల్లుతూ వల్లె వేసింది, జపమాల పూసలు తిప్పుతుంటే కూడా మరియమ్మ పేరు మధ్యలో నా కొలత నలభై ఆరు అని వచ్చేసి లెంపలు వేసుకుంది, అంతా సిద్ధం, అంతా సిద్ధమే, కానీ పక్క సీట్లో అత్తగారు కూర్చుంది.

దొనాతా అత్తగారు, డెబ్బై ఆరేళ్ళ మనిషి, నల్ల కండువా, నల్ల స్వెట్టరు, నల్ల మేజోళ్ళు, ఒళ్ళో రొట్టె మూట, కిటికీలోంచి గోధుమ చేలకేసి చూస్తోంది, ఎవరి చేను ఎంత ఎదిగిందో లెక్క చూసుకుంటున్నట్టు, పొద్దున్నే తలుపు తీసేసరికి గుమ్మంలో ముస్తాబై నిలబడి ఉంది, నేనూ వస్తున్నా, అంది, ఎక్కడికత్తయ్యా, అంది రొక్కీనా, నువ్వెక్కడికో నేనూ అక్కడికే, నాకు మేజోళ్ళు కావాలి, మేజోళ్ళు మన మికెలీనా కొట్లో దొరుకుతాయి కదా, మికెలీనా మేజోళ్ళు రెండు ఉతుకులకి చేపల వలలైపోతాయి, పద పద, బస్సు నీకోసం ఆగదు, అంది, ఆ ముక్కతో రొక్కీనా పథకం తల్లకిందులైంది, ఎందుకంటే అత్తగారికి చెప్పింది ఒకటి, మనసులో ఉన్నది ఒకటి, పెళ్ళికి కాస్త మంచి గుడ్డలో నల్ల గౌను కొనుక్కుంటానని చెప్పింది, నల్ల గౌను కొనడానికి పొతెంజా దాకా ఎందుకని ముసలావిడ అడగనైనా లేదు, అదీ ఒక భయమే, మికెలీనా కొట్లో రంగుబట్ట ముట్టుకుంటే తను ఇంటికి చేరేలోపు ఊరంతా చేరుతుంది, అందుకని ఎవరికీ తెలియని ఊరు, ఎవరికీ తెలియని కొట్టు, ఒక రంగు గౌను, దాన్ని పెళ్ళినాటి పొద్దున్నదాకా బీరువా అడుగున దాచి, ఆ పొద్దున్న వేసుకుని, అప్పుడిక అత్తగారు ఏమన్నా అననీ, చర్చి గంటలు మోగుతుంటే ఎంతసేపంటుంది, ఇలా అనుకుంది, పిరికి ఆలోచనే, అయినా అదొక్కటే తోచింది, లొరెదానాకి మాట ఇచ్చేసింది కదా, అమ్మా, నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది, ఫోటోలో నా పక్కన అమ్మ ఉండాలి, నల్లటి నీడ కాదు, అని ఆ పిల్ల ఏడ్చింది, తండ్రి కానియో ట్రాక్టరు కింద పడి పోయిన రోజున కూడా ఏడవలేదది, పన్నెండేళ్ళది, పళ్ళు బిగించుకుని బామ్మ కండువా కొస పట్టుకుని నిలబడింది, అలాంటిది ఈ రంగు కోసం ఏడ్చింది, రంగే వేసుకుంటానులే తల్లీ, అని రొక్కీనా దాని తల నిమిరి మాట ఇచ్చింది, ఇచ్చేటప్పుడు బాగానే ఉంది, ఇప్పుడా మాట నిలబెట్టుకోవాలి.

ఊళ్ళో పద్ధతి ఒకటుంది, ఎక్కడా రాసి లేదు, అందరికీ తెలుసు, మొగుడు పోయిన ఆడది నలుపు వేస్తుంది, విప్పమని అత్తగారే చెప్పాలి, ఆవిడ నోటినుంచే రావాలి, కొందరు మూడేళ్ళకి చెబుతారు, కొందరు ఏడేళ్ళకి, కొందరు చెప్పకుండానే వెళ్ళిపోతారు, వాళ్ళ కోడళ్ళు నలుపులోనే నడుం వంగి నలుపులోనే పెట్టెలోకి వెళతారు, కోడలు మాత్రం అడగకూడదు, అడిగిందంటే దాని మనసు ఇంకెక్కడో ఉందంటారు, తొమ్మిదేళ్ళలో దొనాతా అత్తగారు రొట్టె గురించి చెప్పింది, కోళ్ళ గురించి చెప్పింది, లొరెదానా జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నప్పుడు రెండు రోజులు చెప్పింది, ఈ ఒక్క మాటా చెప్పలేదు, రొక్కీనా చర్చిలో పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో దొన్ జెరార్దో ఫాదర్‌ని అడిగింది, ఫాదర్, నలుపు తీసేస్తే పాపమా, ఆయన జాలీలోంచి చిన్నగా నవ్వి, తిరుసభ చట్టంలో గుడ్డల రంగు లేదమ్మా, అన్నాడు, గుండె తేలికపడేలోపే, కానీ ఇంట్లో పెద్దావిడ ఉంది కదా, ఆవిడ మనసు నొప్పించకు, అన్నాడు, తలుపు తీసినట్టే తీసి మళ్ళీ వేసినట్టయింది, పెళ్ళినాడు కానియో చెయ్యి పట్టుకుని, నా జీవితకాలమంతా నిన్ను ప్రేమించి గౌరవిస్తాను అని అందరి ముందూ అంది తను, నీ జీవితకాలం అనలేదు, నా జీవితకాలం అంది, తనింకా బతికే ఉంది, అంటే ఆ మాట ఇంకా నడుస్తూనే ఉందన్నమాట, మరి నలుపు వెయ్యడమేనా గౌరవించడమంటే, వేరే దారేమీ లేదా, గుడ్‌ఫ్రైడే నాడు వ్యాకులమాత మరియమ్మ విగ్రహానికి నల్ల అంగీ తొడిగేది ఊళ్ళో నలుగురు ఆడవాళ్ళు, ఆ నలుగురిలో తనూ ఒకతె, ఈస్టరు పొద్దున్న ఆ నలుపు తీసి నీలం తొడిగేదీ వాళ్ళే, ఆ నల్ల అంగీ ఇస్త్రీ చేసి మడతపెట్టి తెల్ల కాయితంలో చుట్టేది రొక్కీనాయే, చుడుతుంటే ఈ ఏడాది ఒక ఆలోచన వచ్చింది, కొడుకు పోయిన తల్లికి మూడు రోజులు, నాకు తొమ్మిదేళ్ళు, వెంటనే తప్పు తప్పు అనుకుంది, ఆవిడ కొడుకు లేచాడు, నా మొగుడు లేవలేదు, కానీ లేస్తాడని కదా మనం నమ్మేది, చివరి రోజున అందరూ లేస్తారని కదా ఆదివారం ఆదివారం గొంతెత్తి చెప్పేది, నమ్మేవాళ్ళు ఇంత నల్లగా ఎందుకుంటారు, ఆ ప్రశ్న ఎవరినీ అడగలేదు, కాయితం మడిచి పెట్టెలో పెట్టేసింది.

పొతెంజాలో దిగాక కొండ మీదికి కదిలే మెట్లున్నాయి, ముసలావిడ బెదురుతుందేమో, ఆ వంకతో కింద బెంచీ మీద కూర్చోబెట్టి తనొక్కతే వెళ్ళొచ్చని చివరి ఆశగా అనుకుంది రొక్కీనా, అత్తయ్యా, మీకు కళ్ళు తిరుగుతాయేమో, ఇక్కడ కూచోండి, అంది, దొనాతా చేతికర్ర చంకలో పెట్టుకుని టక్కున మెట్టెక్కేసింది, మెట్లే నడుస్తుంటే నాకు కళ్ళెందుకు తిరుగుతాయే, జీవితంలో మొదటిసారి ఎవరో నన్ను మోసుకెళుతున్నారు, మాట్లాడకు, అంది, పైకొచ్చాక ప్రెతోరియా వీధి, రాతిపలకల మీద జనం చేతులు వెనక్కి కట్టుకుని తీరుబడిగా నడుస్తున్నారు, కాఫీ వాసన, ఎవరో అమ్మాయి నవ్వు, ఒక కొట్టు అద్దంలో మూడు బొమ్మలు, మధ్య బొమ్మకి గౌను, పచ్చి బాదంకాయ రంగు, మే నెలలో చెట్టుమీద మెత్తటి నూగుతో ఉండే కాయ, తడిమితే పిల్లి చెవిలా ఉంటుందే, ఆ రంగు, రొక్కీనా ఒక్క క్షణం చూసి, చూసినందుకే సిగ్గుపడి పక్కనున్న బూట్లకేసి చూసింది, అత్తగారు కూడా బూట్లకేసే చూస్తోంది, అమ్మయ్య, చూడలేదు, అనుకుంది, పద లోపలికి, అంది దొనాతా, ఇక్కడ మేజోళ్ళుంటాయో ఉండవో అత్తయ్యా, ఉండకపోతే లేవంటారు, కొరకరు కదా.

కొట్టు యజమానురాలు యాభై ఏళ్ళావిడ, మెడలో కొలత టేపు, గొలుసుకి వేలాడే కళ్ళజోడు, శుభోదయం సిన్యోరా అని లేచింది, రెండు నలుపుల్ని చూసింది, ముఖం మెత్తబడింది, గొంతు తగ్గించింది, అయ్యో, నా సానుభూతి తెలుపుకొంటున్నాను, కూర్చోండి కూర్చోండి, అని ఇంకేమీ అడక్కుండా వెనక బీరువాలోంచి నల్ల గౌన్లు మూడు తీసి చేతిమీద వేసుకుని వచ్చేసింది, పోయింది ఎప్పుడో ఎవరో అడగలేదు, నలుపు వేసుకున్న వాళ్ళకి నలుపు చూపించడం మర్యాద అనుకుంది, ఆవిడ తప్పేముంది, ఊళ్ళో అయినా అంతే కదా, రొక్కీనా నోరు తెరిచింది, ఏడింటిలో మొదటిదే బయటికొచ్చింది, ఊరికే చూస్తున్నానండీ, ముఖమ్మీద మూడు గౌన్లు పెట్టి ఉంటే ఊరికే చూడటమేమిటి, ఆవిడ పాపం చూడండి చూడండి అంది, రొక్కీనా పొస్సో ప్రొవార్లో అంది గబగబా, అది తప్పు లేకుండా వచ్చింది, ఆవిడ తెరవేసిన చిన్నగది చూపించింది, ఒకటి వేసుకుంది, భుజాల దగ్గర బిగుతుగా ఉందండీ అని తెరలోంచి తల బయటపెట్టి చెప్పింది, నాలుగోదీ వచ్చేసింది, చక్కగా బడిలో పాఠం అప్పజెప్పినట్టు, ఆవిడ సంతోషంగా ఇంకో నల్ల గౌను తెచ్చిచ్చింది, అత్తగారు కుర్చీలో చేతికర్ర మీద గడ్డం ఆనించి చూస్తోంది, అయిదోదానికి ఇదే సమయం, అనేస్తే అయిపోతుంది, ఆ కళ్ళ ముందు ఎలా అనడం, రొక్కీనా గౌను అందుకుని తెర వేసేసుకుంది.

లోపల చిన్న బల్బు, నిలువుటద్దం, అద్దంలో మెడదాకా నలుపు, పైన ఎవరిదో ముఖం, ఇది భుజాల దగ్గర కూడా సరిపోయింది, ఏం చేస్తుంది, ఏ వంకా లేదు, మంచి గుడ్డ, ఇదే తీసుకుంటానని చెప్పి బయటపడితే సరి, లొరెదానాకి ఏం చెప్పాలి, నా కొలతలో రంగువి లేవన్నారని చెప్పాలా, పిల్ల నమ్మదు, నమ్మినట్టు ఊరుకుంటుంది, ఊరుకుని తెల్ల గౌనులో నా పక్కన నిలబడి ఫోటోకి నవ్వుతుంది, ఆ నవ్వు గోడమీద నలభై ఏళ్ళుంటుంది, దేవుడా, ఒక్క మాట అడగలేని నోరిచ్చావెందుకు, అయినా ఇంకో పక్కన హాయిగా కూడా ఉంది, అడగక్కర్లేదు, అడగలేదు కాబట్టి ఎవరూ నొచ్చుకోలేదు, అనుకుంటుంటే తెర అవతల ఎవరో వచ్చినట్టున్నారు, కొత్త గొంతు, ఎవరో పెద్దింటావిడ, టీవీలో వార్తలు చదివినంత శుభ్రమైన ఇటాలియన్, క్షమించాలి సిన్యోరా, ఆ అద్దంలో మధ్యన ఉన్న గౌనును దయచేసి తీసి చూపించగలరా, నలభై ఆరు కొలతలో ఉన్నదా, అంటోంది, అయ్యో, ఆ గౌను పోయింది, ఎవరో కొనేసుకుంటున్నారు అనుకుంది రొక్కీనా, తనకేదో దక్కాల్సింది పోయినట్టనిపించింది, యజమానురాలి గొంతు, ఉందండీ, కానీ అది ఎవరికి సిన్యోరా, లోపల ఉన్నావిడకే, కానీ ఆవిడ దుఃఖంలో ఉన్నారు కదండీ, దుఃఖంలో ఉన్నది నేను, పోయినవాని తల్లిని, ఆమె వయసు నలభై నాలుగు, కూతురి వివాహము మూడు వారాలలో ఉన్నది, రొక్కీనా తెర పట్టుకుంది, ఆ గొంతు, ఆ గొంతు ఎరిగినదే, ముదురు నీలం ఒకటి చూపించనా సిన్యోరా, నలుపు తీసేవాళ్ళు మొదట అందరూ అదే వేస్తారు, అంది యజమానురాలు, నీలము నలుపునకు పినతల్లి కూతురు, వద్దు, ఆ బాదంకాయ రంగుదే ఇవ్వండి, ఆమె వద్దని అంటుంది, తమరు పట్టించుకోవద్దు, తెరమీదుగా లోపలికి వేసేయండి.

తెర కమ్మీ మీంచి ఆ గౌను లోపలికి జారింది, రొక్కీనా ముఖం మీదే పడింది, కొత్త గుడ్డ వాసన, దాన్ని తోసుకుని తల బయటపెట్టింది, అత్తయ్యా, అంది, ఊరి మాటలోనే అరిచింది, యజమానురాలు ఎలా చూసినా చూడనీ, మీకు ఇటాలియన్ వచ్చా, దొనాతా కుర్చీలోంచి కదలకుండా తనూ ఊరి మాటలోకి దిగింది, రాకేం, పద్నాలుగో ఏట నేపుల్స్‌లో జడ్జిగారింట్లో పనికి పెట్టాడు మా నాన్న, నాలుగేళ్ళు, ఊరి మాట మాట్లాడితే జడ్జిగారి పెళ్ళాం గరిటె కాడతో వేళ్ళ మీద కొట్టేది, అలా కొడితే రాకుండా ఎలా ఉంటుంది, ఇరవై రెండేళ్ళయింది నేను మీ ఇంటికి కోడలిగా వచ్చి, ఒక్కరోజూ మీ నోట వినలేదే, ఎవరితో మాట్లాడనే, కోళ్ళతోనా, యజమానురాలు ఇక ఆపుకోలేక టేపు నోటికడ్డం పెట్టుకుని అటు తిరిగింది, మీకెలా తెలిసింది, ఈ గౌను, ఈ రంగు, అంది రొక్కీనా, వారం నుంచి దీనికన్నా లేత రంగు ఉందా, లేత రంగు ఉందా అని రొట్టె పిండికి చెబుతున్నావు కదే, పిండి ఏం చెప్పింది, మీకు చెవుడు కదత్తయ్యా, చెవుడు దొన్ జెరార్దో ప్రసంగం వరకే, ఆయన గంటన్నర మాట్లాడతాడు, మరేం చెయ్యను, లేత రంగు మాట పిండితో అనగలవు, మనుషులతో అనలేవని తెలుసు, నల్లది కొనుక్కుని ఇంటికొస్తావని తెలుసు, అందుకే వచ్చాను, అంది, మరి మేజోళ్ళు, ఇంట్లో ఆరు జతలున్నాయి.

రొక్కీనా అక్కడే, సగం లోపల సగం బయట, తెర అంచు పట్టుకుని, మీరు చెబుతారని ఎదురుచూశానత్తయ్యా, అంది, ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు, కాయితం మీద లేనిది, తొమ్మిదేళ్ళు చూశాను, అంది, దొనాతా చేతికర్ర చివరతో నేలమీద ఏదో గీతలు గీసింది, నువ్వు అడుగుతావని నేను చూశాను, అంది, నేను విప్పమంటే ఊరేమంటుంది, కొడుకు పోయాడు, ఇక కోడల్ని కూడా సాగనంపాలని చూస్తోంది ముసల్ది అంటారు, ఊరి సంగతి సరే, ఊరికి నోరుంది, అంటుంది, నువ్వేమనుకుంటావు, వాడి మీద నీ ప్రేమ ఇంకెన్నాళ్ళని కొలుస్తున్నాననుకోవూ, నలుపు నువ్వే కావాలని ఉంచుకుంటున్నావు కాబోలు, ఉంచుకోనీ అనుకున్నా, కానీ ఒకటి చెప్పనా, రోజూ పొద్దున్న ఆ నల్ల బట్టల్లో వంటింట్లోకి వచ్చి పొయ్యి వెలిగిస్తావు, పాలు పెడతావు, అత్తయ్యా లేచారా అంటావు, నిన్ను చూడగానే రోజూ పొద్దున్నే నాకు కానియో మళ్ళీ కొత్తగా పోయేవాడు, కూరగాయల బేరం మాట్లాడుతున్నట్టే అంది ఆ మాట, యజమానురాలు మాత్రం అద్దం తుడిచే గుడ్డ తీసుకుని తుడిచిన అద్దమే తుడుస్తోంది, ఇద్దరూ ఒకరి కోసం ఒకరు, ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర, రోజుకి రెండుపూటలా ఎదురెదురుగా కూర్చుని, ఉప్పు అందుకోమని అడిగారు, వర్షం పడుతుందా అని అడిగారు, దీన్నొక్కదాన్ని అడగలేదు, అయితే మీరూ తీసేయండత్తయ్యా, అంది రొక్కీనా, మీకూ ఏదైనా, కనీసం బూడిదరంగు, దొనాతా చెయ్యి అడ్డంగా ఊపింది, నా జోలికి రాకు, నేను కన్నదాన్ని, నాది వేరే, అదీకాక చలికాలం వెచ్చగా ఉంటుంది, వెళ్ళు, తొడుక్కో, ఆవిడకి భోజనం వేళవుతోంది.

తెర పడింది, రొక్కీనా నలుపు విప్పింది, ఎప్పుడూ విప్పేదే, రోజూ విప్పి ఇంకో నలుపు తొడిగేదే, కానీ ఇవాళ విప్పి మేకుకి తగిలిస్తే అది అక్కడే ఉండిపోయింది, పచ్చిబాదం రంగు తలమీంచి చల్లగా జారింది, చేతులు బయటికొచ్చాయి, మోచేతులదాకా తన చేతులే, ఇంత తెల్లగా ఎప్పుడయ్యాయి, ఎండ చూసి ఎన్నేళ్ళయింది, అద్దంలో మనిషి మెడ కిందినుంచి కూడా ఉంది, పొట్ట కాస్త వచ్చింది, రానీ, నడుం దగ్గర కుట్టు సరిగ్గా కూర్చుంది, కానియో ఉంటే ఏమనేవాడు, ఏమనడు, వెనకనుంచి వచ్చి మెడమీద ఊదేవాడు, అదిరిపడితే నవ్వేవాడు, జుట్టునిండా గడ్డిపరకలతో, పైన ఒక పన్ను మీద పన్ను, ఆ పన్ను ఎలా మరిచిపోయింది తను, ఇన్నేళ్ళుగా కానియో అంటే సమాధిరాయి మీద పింగాణీ ఫోటోయే గుర్తొచ్చేది, కోటు వేసుకుని, పెదాలు మూసుకుని, ఎవరికో సంతాపం చెప్పడానికి వచ్చినవాడిలా, ఆ ఫోటో వెనకనుంచి ఇవాళ మనిషే వచ్చాడు, గడ్డిపరకలతో, పన్ను మీద పన్నుతో, రొక్కీనా అద్దానికి చెయ్యి ఆనించి నిలబడింది, లోపల ఏదో ముడి, ఉందని కూడా మరిచిపోయిన ముడి, మెల్లగా వదులైంది, ఏడుపు రాలేదు, ఊపిరి వచ్చింది, పొట్టదాకా పోయి వచ్చే పెద్ద ఊపిరి, దేవుడా, ఇదేమైనా తప్పైతే నాకు ఇంత హాయిగా ఎందుకుంది, తప్పుకి ఇంత చల్లదనం ఉంటుందా, ఉండదనే అనుకుంటాను.

తెర పక్కకి తొలగింది, అడగా లేదు పెట్టా లేదు, అత్తగారు లోపలికి వచ్చేసింది, ఆ చిన్నగదిలో ఇద్దరికీ చోటు చాలదు, వెనక జిప్పు సగంలో ఆగింది, నాకు తెలుసు, నీ చెయ్యి అందదు, అటు తిరుగు, అంది, ముసలి వేళ్ళు చన్నీళ్ళలా వీపుకి తగిలాయి, జిప్పు పైకి లాగింది, మెడ దగ్గర వెంట్రుక ఇరుక్కుంటే తీసింది, భుజాలు సర్దింది, ఒక అడుగు వెనక్కి వేద్దామంటే తెర అడ్డం వచ్చింది, వంగి అంచు పట్టుకుని, రెండు వేళ్ళు పొడుగు, మడవాలి, అంది, యజమానురాలు గుండుసూదుల డబ్బీతో వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది, సూదులు నోట్లో పెట్టుకునే చెప్పింది, సిన్యోరా, చాలా బావుంది మీకు, నిజంగా చెబుతున్నాను, అమ్మడానికి కాదు, దొనాతా శుభ్రమైన ఇటాలియన్‌లో, అమ్మడానికే చెప్పండి, మేము కొనడానికే వచ్చాము, అంది, ముగ్గురూ నవ్వారు, ఆవిడ నోట్లోంచి సూది జారి నేలమీద పడితే ముగ్గురూ వెతికారు, అత్తగారే డబ్బిస్తే పొట్లం కట్టించుకుని బయటికొచ్చాక గుర్తొచ్చింది రొక్కీనాకి, చివరి రెండు వాక్యాలూ అనే పనే పడలేదు, ఆలోచించి చెబుతానండీ, తీసుకుంటానండీ, రెండూ మిగిలిపోయాయి, పోతే పోయాయి, లొరెదానాకి సాయంత్రం ఫోను చెయ్యాలి, ఏం చెప్పాలి, బామ్మ కొనిపెట్టిందని చెప్పాలి, దానికి మాట రాదు, ఎప్పుడూ మాటలున్న పిల్లకి ఒక్కసారి మాట రాకపోతే బావుంటుంది.

బస్సుకి ఇంకా చాలాసేపుంది, ఎండలో బెంచీ, దొనాతా రొట్టె మూట విప్పింది, గుడ్డులో వేయించిన కారం లేని ఎర్ర మిరపకాయలు రొట్టె మధ్య పెట్టి తెచ్చింది, పొద్దున్న తను లేవకముందే చేసి ఉంటుంది, రెండు ముక్కలు చేసింది, పెద్దముక్క కోడలికిచ్చింది, తిను, గౌను మీద పడకుండా పక్కన పెట్టు ఆ పొట్లం, అంది, తినడం మొదలుపెట్టింది, పళ్ళు లేని వైపు కాకుండా ఉన్న వైపు నములుతూ, దారినపోయే వాళ్ళని చూస్తూ, ఆ పిల్ల నడక చూడు, ఆ మడమలు చూడు, రాళ్ళమీద పడుతుంది, అని తనలో తాను అంటూ, రొక్కీనా ఆవిడని పక్కనుంచి చూసింది, నల్ల కండువా అంచున తెల్ల వెంట్రుకలు, చెంప మీద రొట్టె పొడి, తొమ్మిదేళ్ళు వంటింట్లో, చర్చిలో, సమాధి దగ్గర, ఎక్కడికి తిరిగినా ఆ కళ్ళు తనమీదే ఉండేవి, తన మెడ చుట్టూ, తన ముంజేతుల చుట్టూ, నలుపు ఎక్కడైనా పలచబడిందేమో చూస్తున్నాయనుకుంది, ఆ కళ్ళకి భయపడి దేవుణ్ణి కూడా కాస్త ఆ కళ్ళతోటే ఊహించుకుంది, పైన కూర్చుని తన బట్టలకేసి చూస్తూ ఏమీ మాట్లాడని ఒక పెద్ద అత్తగారిలా, పాపం ఆయన కూడా, ఆ మాటకి నవ్వొచ్చింది, ఎందుకే నవ్వుతున్నావు, అంది దొనాతా, ఏం లేదత్తయ్యా, అంది, ఎండ మోకాళ్ళ మీద పడుతోంది, రొట్టెలో మిరపకాయ తియ్యగా ఉంది, ఇద్దరి మధ్య పొట్లం ఉంది, నామీద కన్నేసి కూర్చుందనుకున్న మనిషి ఇన్నేళ్ళూ నేనెప్పుడు అడగడానికి వస్తానా అని దారి చూస్తూ కూర్చుంది, అనుకుంది రొక్కీనా.